వరికోత యంత్రము: రోటరు సవరణ

పటాన్‌చెరు కార్ఖానాలలో పనికి పోవువారు హెచ్చినందున, సంగారెడ్డి ప్రాంతమున వరికోతకు కూలీలు అదనుకు దొరకుట కష్టముగా నున్నది. అందుచే రైతులు కంబైను యంత్రమును గంట బాడుగకు తెచ్చుకొనుచున్నారు. గంటలు తగ్గవలెనని డ్రైవరును తొందరించుట సహజమే. కాని చేనిలో రాలిపోవు గింజ కూడ బాడుగలోనిదే.

రోటరు వెన్నును కొట్టగా, దాని క్రిందనున్న కాంకేవ్ అను జల్లెడ తొట్టి గుండా గింజ దిగును. ట్యాంకులోని ధాన్యము గుప్పెడు తీసి చూడుడు. నూకలు, పొట్టూడిన బియ్యము కనిపించినచో దెబ్బ ఎక్కువైనది. రోటరు వేగము తగ్గించవలెను, లేదా కాంకేవ్ ఎడము పెంచవలెను. గడ్డిలోని వెన్నులకు గింజలు మిగిలినచో ఎడము కొద్దిగా తగ్గించి, అదియు చాలనిచో వేగము పెంచవలెను. ఒక మారునకు ఒక సవరణయే చేయవలెను. రెండును కలిపి మార్చినచో ఏది పనిచేసినదో తెలియదు. ఇంజను ఆపి, రోటరు పూర్తిగా నిలిచిన పిదపనే మూత తీయవలెను.

వెన్నులు శుభ్రముగా రాలియు, విడి గింజలు గడ్డితో వెనుకకు పడుచున్నచో చాలమంది రోటరునే తిప్పి చూచెదరు. తరచు కారణమది కాదు, యంత్రము పైరును మితిమీరి మింగుచున్నది. ముందునడక తగ్గించి చూడవలెను. మంచు ఆరని పైరులోను ఈ నష్టము హెచ్చు.

దొడ్డు రకములో వేయి గింజలు సుమారు 25 గ్రాములు తూగును. కోత వెడల్పంతటికి సగటున చదరపు మీటరుకు 40 గింజలు పోయినచో, ఎకరమునకు 4 కిలోలు పోయినట్లే. గడ్డి వరుస క్రింద మాత్రమే లెక్కించినప్పుడు, కోత వెడల్పు ఆ వరుసకు నాలుగింతలైనచో వచ్చిన సంఖ్యను నాలుగుతో భాగించవలెను. కోతకు ముందే రాలియున్న గింజలను తీసివేయుట మరువరాదు.