గద్యభాగంలో రచనా విశేషాలు గుర్తించడమెలా?



నాలుగు వాక్యాల గద్యం ఇచ్చి 'ఇందులోని రచనా విశేషాలు తెలపండి' అని అడిగితే, మన పిల్లల్లో చాలామంది బట్టీ పట్టిన లక్షణాలన్నీ వరుసగా రాసేస్తారు. చదువుకునే రోజుల్లో నేనూ అదే చేశాను. ఉపమాలంకార లక్షణం పొల్లుపోకుండా రాశాను. ఇచ్చిన భాగంలో అది ఎక్కడుందో మాత్రం చూపలేదు. మార్కులు రాలేదు. బ్యాంకులో చేరాక గాని తప్పు తెలిసిరాలేదు: ఓచరు లేని పద్దు చెల్లదు.

అభ్యాసానికి నేను రాసిన మూడు వాక్యాలు చూడండి.

"మధ్యాహ్నానికి వీధి పెనంలా కాలుతోంది. కోట గుట్ట మీది బండలు నీడ కోసం ఒకదాని చాటున ఒకటి నక్కుతున్నట్టున్నాయి. కుళాయి నాలుగు రోజులుగా మౌనవ్రతం పట్టింది."

మొదటి వాక్యం ఉపమ. వీధి ఉపమేయం, పెనం ఉపమానం, కాలడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ చూపితేనే జవాబు పూర్తవుతుంది.

రెండవదానిలో 'నట్టు' కనబడగానే ఉపమ అని రాయకండి. బండలు నీడ కోసం నక్కవు. అలా రచయిత ఊహించాడు. కనుక ఇది ఉత్ప్రేక్ష.

మూడవదానిలో పోలిక మాటే లేదు. అయినా మౌనవ్రతం పట్టేది మనిషి, కుళాయి కాదు. దీన్ని మానవత్వారోపణ అంటారు. నీళ్లు రాలేదని నేరుగా చెప్పకుండా నవ్విస్తూ చెప్పడంలో వ్యంగ్యం కూడా ఉంది.

ఇక్కడితో ఆపితే సగం మార్కులే. 'ఎందుకు వాడాడు?' అనేదే అసలు ప్రశ్న. జవాబు ఇలా ఉండవచ్చు: "మొదటి రెండు వాక్యాలు ఎండ తీవ్రతను పెంచుకుంటూ పోయి, చివరి వ్యంగ్యం నీటి కరువు అనే అసలు బాధను చెబుతుంది."

గుర్తుంచుకోవలసినవి మూడే:
1. విశేషం పేరు.
2. ఆధారమైన పదం.
3. దాని వల్ల కలిగిన ప్రయోజనం.

మన జిల్లాలో కన్నడ మాధ్యమంలో చదివే పిల్లలకు ఇది రెట్టింపు లాభం. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష కన్నడ వ్యాకరణంలోనూ ఉన్నవే. తెలుగు 'లా', 'వలె'లకు బదులు అక్కడ 'అంతె', 'హాగె' వెతుక్కోవాలి, అంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది బళ్లారి రాఘవ (1880–1946) నటించిన ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిన ఊరు. మాట విరుపులోనే సగం అర్థం ఉంటుందని నాటకం చూసినవారికి తెలుసు. రోజూ పది నిమిషాలు పిల్లలచేత పైకి చదివించండి. వ్యంగ్యం కంటికంటే ముందు చెవికి దొరుకుతుంది.

ఇంటి పని: "నెలాఖరుకి నాన్న జేబు ఎండిన చెరువే." ఇందులో 'లా' లేదు, జేబే చెరువు అయిపోయింది. ఏ అలంకారమో, ఎందుకు వాడారో మూడు వాక్యాల్లో రాయండి. రాశాక నాన్నకు చూపించండి.