"ఎనీ క్వశ్చన్స్?" అన్నప్పుడు

ఇంటర్వ్యూ చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అంటారు. మనలో చాలామంది "నో సర్" అని లేచి వచ్చేస్తాం. అడిగితే జాబ్ పోతదేమో అని భయం. కానీ కంపెనీ మనల్ని చూసుకున్నట్టే మనం కంపెనీని చూసుకునే టైమ్ అది.

టెక్నికల్ రౌండ్‌లో పని గురించి అడగండి. "మొదటి ఆరు నెలలు ఫ్రెషర్ ఏం చేయాలి? రాసిన కోడ్ ఎవరు చూస్తారు?" జవాబు "అన్నీ నేర్పిస్తాం" దగ్గరే ఆగితే, "పోయిన బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అనండి.

జీతం, బాండ్ సంగతి హెచ్‌ఆర్ రౌండ్‌లో. సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపి చూపించడం మామూలే. అందుకే "నెలకు చేతికి ఎంత వస్తుంది?" అని అడగాలి. బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ట్రైనింగ్ కాలం అందులో కలుస్తుందా? "బాండ్లు కోర్టులో నిలబడవులే" అనే మాట నమ్మొద్దు. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల సర్వీసు, లేదంటే 2 లక్షలు అనే షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

అచ్చంపేట నుంచి హైదరాబాద్ పోయేవాళ్లు ఇంకోటి అడగాలి: "జాయినింగ్ ఎప్పుడు, మొదటి జీతం ఎప్పుడు?" హాస్టల్ కిరాయి మాత్రం అంతకన్నా ముందే కట్టాలి కదా.