బడిలో నేర్చిన లిపి నుండి తెలుగు లిపికి
(ప్రాథమిక తరగతుల పిల్లలకు బోధించువారి కొరకు పాఠము)



మా సంఘములోని ఒక అవ్వగారికి చూపు తగ్గినది. ఒక ఆదివారము ఆమె తన కీర్తనల పుస్తకమును మనుమరాలి చేతికిచ్చి, ఒక్క చరణము చదివి వినిపించమన్నారు. ఆ పాప నాలుగవ తరగతి. కన్నడము, ఇంగ్లీషు తడుముకోకుండా చదువుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా పుస్తకమును అటూ ఇటూ త్రిప్పి, "నాకీ అక్షరాలు రావవ్వా" అని తిరిగి ఇచ్చివేసినది. అవ్వ ఏమీ అనలేదు. పుస్తకము మూసి సంచిలో పెట్టుకొన్నారు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. షోలాపూరులోను, బరంపురములోను, చెన్నైలోను, కోలారులోను తెలుగు ఇండ్లలో ఇదే జరుగుచున్నది. తమిళనాడులో 2006లో, కర్ణాటకలో 2015లో, మహారాష్ట్రలో 2020లో చేసిన చట్టముల ప్రకారము అక్కడి బడులలో ఆ రాష్ట్ర భాషను నేర్వవలెను. అందులో తప్పేమియు లేదు. మనము కాపురమున్న నేల భాష మన పిల్లలకు రావలసినదే. అయితే తెలుగు అక్షరము నేర్పు పని బడి చేయదు గనుక అది మన చేతిలోనే ఉన్నది. వారమునకు ఒక గంట చాలును. ఆ గంటను ఎట్లు వాడవలెనన్నదే ఈ పాఠము.

మేము చేసిన పొరపాటు

మేము తరగతి ప్రారంభించినప్పుడు పలకలు ఇచ్చి అ, ఆ, ఇ, ఈ దిద్దించితిమి. మూడు నెలలు గడిచినవి. ఇరవై మంది పిల్లలు ఏడుగురైనారు. బడిలో పద్యములు చదువు పిల్లవానిని మనము మరల ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టితిమి. వానికి అది అవమానముగా తోచినది.

ఒక దినము ఒక చిన్నది నా పలక చూచి, "టీచర్, ఇది మా కన్నడ అక్షరమే కదా, టోపీ మార్చినారు" అన్నది. ఆ మాటతో మాకు దారి దొరికినది. బిడ్డకు అక్షరము రాదని మనము అనుకొంటిమి. నిజమునకు బిడ్డకు ఒక లిపి వచ్చును. ఆ లిపియే నిచ్చెన.

ఈ సంగతి మనకు ముందే ఒక గొప్ప ఉపాధ్యాయుడు చేసి చూపించినారు. పర్లాకిమిడిలో పని చేసిన గిడుగు రామమూర్తి గారు (1863–1940) సవర పిల్లలకు చదువు చెప్పవలెనని, ముందు తామే సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలోనే వాచకములు వ్రాసినారు. పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో ఉన్నది. బిడ్డ ఎక్కడ నిలిచియున్నాడో మొదట అక్కడికి ఉపాధ్యాయుడు వెళ్లవలెను.

ముందుగా తెలిసికొనవలసినవి

కన్నడము చదువు పిల్లలకు పని తేలిక. రెండు లిపులును ఒకే పాత లిపి నుండి విడిపోయినవి. మన తలకట్టు టిక్కు గుర్తువలె ఉండును, వారిది అడ్డగీతవలె ఉండును. కీ, కే, కో వంటి వాటిలో వారు దీర్ఘపు గుర్తును కుడి ప్రక్కన వ్రాయుదురు, మనము అక్షరము మీదనే వ్రాయుదుము. ఈ రెండు భేదములు చూపించితే సగము పాఠము అయిపోవును.

తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒకే అక్షరము. గనుక ఆ పిల్లలు "గంప"ను "కంప" అని చదివితే అది అశ్రద్ధ కాదు. ఎ, ఏ భేదము మాత్రము వారికి బాగుగా తెలియును.

ఒడియా, మరాఠీ లిపులలో ఖ, ఘ వంటివన్నియు ఉన్నవి. కాని ఎ–ఏ, ఒ–ఓ లకు వేరు వేరు అక్షరములు లేవు. "కమల" అని వ్రాసి ఇచ్చితే ఒడియా చదువు బిడ్డ "కొమొలొ" అనవచ్చును. మరాఠీ చదువు బిడ్డ చివరి అచ్చు మ్రింగి "కమల్" అనవచ్చును. ఇద్దరును తమ బడి నియమము ప్రకారము సరిగానే చదివినారు. తప్పు అనకుడి. "మీ బడిలో అట్లు, మన తెలుగులో ఇట్లు" అని చెప్పుడి.

తరగతిలో చేయించవలసినవి

1. పేరుతో ప్రారంభము. అ, ఆ లతో మొదలు పెట్టవద్దు. ప్రతి బిడ్డ తన పేరును బడి లిపిలో పెద్దగా వ్రాయవలెను. దాని క్రింద మీరు తెలుగులో వ్రాయుడి. ఏ అక్షరము క్రింద ఏ అక్షరము వచ్చినదో గీతలతో కలుపమనుడి. మొదటి దినమే బిడ్డ తన పేరు చదివి ఇంటికి వెళ్లును. రెండవ వారము అమ్మ పేరు, మూడవ వారము నాన్న పేరు, తరువాత ఊరి పేరు. నెల తిరుగునప్పటికి చాలా అక్షరములు పరిచయమగును.

2. జత చీటీలు. పాత పెండ్లి పత్రికల వెనుక భాగము వాడుడి. ఒక చీటీ మీద తెలుగు అక్షరము మీరు వ్రాయుడి. దానికి జతయైన బడి అక్షరమును మరియొక చీటీ మీద పిల్లలే వ్రాయవలెను. చీటీలు బోర్లించి, ఒక్కొక్కరు రెండేసి తిప్పి జత కలుపవలెను. మీకు ఆ లిపి రాకపోయినను చింత లేదు. పిల్లలే మీకు నేర్పుదురు. అది వారికి ఎంతో సంతోషము. ఒక దినమునకు ఎనిమిది జతలు మించకూడదు.

3. గొంతు మీద చేయి. ఇది తమిళము చదువు పిల్లలకు ముఖ్యము. గొంతు మీద చేయి పెట్టుకొని "క్–క్", "గ్–గ్" అనిపించుడి. గ అన్నప్పుడు గొంతు అదురును. కాలి–గాలి, కంప–గంప, పాట–బాట అని జంటలు చెప్పి, అదిరినప్పుడు చేయి ఎత్తమనుడి. ఖ, ఘ వంటివి తరువాత నేర్పుడి. నోటికి దగ్గరగా పలుచని కాగితపు ముక్క పట్టుకొని "ఖ" అంటే కాగితము బాగుగా కదలును; "క" అంటే కదలినట్లే ఉండదు.

4. అడుగుల ఆట. ఇది ఒడిశా, మహారాష్ట్ర పిల్లలకు. నేల మీద సుద్దతో గీతలు గీయుడి. మీరు మాట చెప్పగా, మొదటి అక్షరము హ్రస్వమైతే ఒక అడుగు, దీర్ఘమైతే రెండు అడుగులు వేయవలెను. మెడ–మేడ, నెల–నేల, కొన–కోన, దొర–దోర. నాలుగు వారముల తరువాత మాట చెప్పక, చీటీ మీద వ్రాసి చూపించుడి.

5. మాటల గొలుసు. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరముతో రెండవవారు మాట చెప్పవలెను: పలక – కలము – ముగ్గు – గుడి – డిబ్బి. చివరి అచ్చును మ్రింగిన బిడ్డకు గొలుసు సాగదు గనుక తానే దిద్దుకొనును.

6. కూర్చున్న అక్షరము. తమిళములో "అమ్మ" వ్రాయుటకు మొదటి మకారము మీద చుక్క పెట్టి ప్రక్కన రెండవది వ్రాయుదురు. మనకు అది క్రింద వత్తుగా వచ్చును. ఒక బిడ్డను నిలువబెట్టి, వేరొక బిడ్డను వాని పాదముల యొద్ద కూర్చుండబెట్టుడి. ఇద్దరి చేతుల్లో "మ" చీటీలే. "క్రింద కూర్చున్నవాడే వత్తు" అని చెప్పుడి. చాలా వత్తులు అక్షరమునే పోలియుండును. త, న, మ, య, ర, ల వత్తులకు రూపము వేరు గనుక ఆ ఆరింటిని ప్రత్యేకముగా నేర్పవలెను.

7. అవ్వ మాటల పుస్తకము. వారమునకొక మాట ఇంటిలోని పెద్దలను అడిగి తేవలెను: మగ్గము పనిలోనిది, వంటలోనిది, పాత ఊరిలోనిది ఏదైనను సరే. బొమ్మ గీసి, క్రింద మాట వ్రాయవలెను. "అది శుద్ధ తెలుగు కాదు" అని కొట్టివేయకుడి. ఇంట్లో పలికినట్లే వ్రాయించుడి. ఆ మాట మరే పుస్తకములోను ఉండకపోవచ్చును.

8. పోస్టుకార్డు. అక్షరములు కూడబలుకుట వచ్చిన తరువాత, వేరొక రాష్ట్రములోని తెలుగు సంఘపు పిల్లలకు మూడు వాక్యముల ఉత్తరము వ్రాయించుడి. యానాము పిల్లల చుట్టూ తెలుగే గనుక వారు పెద్ద వ్రాతతో జవాబులు వ్రాసి తోడ్పడగలరు. తన పేరు మీద వచ్చిన ఉత్తరమును చదువకుండ ఏ బిడ్డయు ఉండలేదు.

గంటను ఇట్లు పంచుకొనవచ్చును: పేర్లకు 10 నిమిషములు, చీటీలకు 15, ఆటకు 15, వ్రాతకు 10, ఒక్కొక్కరు ఒక్క పంక్తి బిగ్గరగా చదువుటకు 10.

ఉపాధ్యాయులు కూడి ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన తరగతి పిల్లలు బడిలో ఏ లిపి చదువుచున్నారు? ఆ లిపిలో మన పేరు మనము వ్రాయగలమా?
2. మనము తప్పు అని దిద్దుచున్న వాటిలో బడి నియమము వలన వచ్చినవి ఏవి?
3. మన సంఘములో చూపు తగ్గిన పెద్దలు ఎవరు? వారికి వారమునకు ఒక పంక్తి చదివి వినిపించుటకు ఏ బిడ్డను జతపరచగలము?

మూడవ ప్రశ్నను విడువవద్దు. మేము మొదట చెప్పిన ఆ పాప ఇప్పుడు అవ్వ ప్రక్కన కూర్చుని చదువుచున్నది. వేలు పెట్టి, కూడబలుక్కొంటూ, వత్తు వచ్చినచోట ఆగి చదువును. ఆగినచోట అవ్వ చూడకుండానే మాట అందించును. ఒకరికి అక్షరము కనబడదు, ఒకరికి మాట తోచదు. ఇద్దరు కలిసి చరణము ముగించుచున్నారు.