తక్కువ ధరకు కొత్త విండోస్ – కొనేముందు తెలుసుకోవలసిన లైసెన్సు సంగతులు

స్కాలర్‌షిప్ డబ్బులు పడిన వారంలో మన హాస్టల్లో తప్పక వినిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కొత్త విండోస్ ఎంతకొస్తుంది?" ఇంట్లో ఎవరూ కంప్యూటర్ ముట్టని పిల్లలం కాబట్టి, పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనుక్కోగానే దాన్ని కొత్తదానిలా చేసుకోవాలనిపించడం సహజం. మేమూ అదే ప్రశ్న అడిగాం. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుందని డబ్బు పోయాకగాని మాకు తెలియలేదు. "మన దగ్గర ఇప్పటికే ఏముంది?" అన్నదే ఆ ప్రశ్న. ఈ పాఠమంతా దాని గురించే.

మాకు జరిగింది

డిగ్రీ రోజుల్లో నలుగురం కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. అందులో విండోస్ 10 హోమ్ ఉంది. విండోస్ 11 ప్రో "జీవితకాలం కీ" ఆరు వందలకే ఇస్తామన్న ప్రకటన ఆన్‌లైన్‌లో చూసి, తలా నూటయాభై వేసుకుని కొన్నాం. అమ్మినవాడు చెప్పినట్లే పెన్‌డ్రైవ్‌తో డిస్కు మొత్తం చెరిపి కొత్తది ఎక్కించాం. నెల తిరగకముందే తెర మూలన "విండోస్‌ను యాక్టివేట్ చేయండి" అన్న అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. అమ్మినవాడి ఫోను మోగలేదు. డిస్కుతోపాటు మా ప్రాజెక్టు రికార్డూ పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. చివరికి కంప్యూటర్ ల్యాబ్‌లోని ఒక అన్నయ్య చూసి చెప్పిన మాట ఏమిటంటే, ఆ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 హోమ్ అసలు ఉచితంగానే వచ్చేది!

లైసెన్సు అంటే ఏమిటి?

యానాం వాళ్ళకు తక్కువ ధర అంటే అనుమానం ఉండదు. పుదుచ్చేరిలో పన్ను తక్కువ కాబట్టి కాకినాడ వైపు నుంచి, ఎదుర్లంక వంతెన దాటి కోనసీమ నుంచి జనం వచ్చి మన ఊళ్ళో పెట్రోలు పోయించుకుని వెళ్తుంటారు. అది దొంగ సరుకు కాదు. ఆ తక్కువ ధరకు ఒక కారణం ఉంది, దానికి లెక్క ఉంది. అలాగే మన పి.వై. 04 నంబరు బండి గోదావరి దాటి ఎక్కడికైనా వెళ్ళవచ్చు. కాని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. బండి మనదే అయినా నంబరుకు షరతులున్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఈ షరతులు మరికొంచెం గట్టివి. అక్కడ బండి కూడా మనది కాదు. మనం కొనేది విండోస్‌ను కాదు, దాన్ని వాడుకునే అనుమతిని. ఆ అనుమతి పేరే లైసెన్సు. కీ అనేది ఆ అనుమతికి గుర్తు మాత్రమే. సినిమా టిక్కెట్టు మీది నంబరు ఎక్కడో రాసుకున్నంత మాత్రాన సీటు మనదైపోదు కదా!

లైసెన్సులలో రకాలు

1. యంత్రంతో వచ్చేది: దీన్ని ఓ.ఇ.ఎమ్. లైసెన్సు అంటారు. కొత్త ల్యాప్‌టాప్‌తో కలిసి వస్తుంది, ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. వేరే కంప్యూటర్‌కు మార్చడానికి వీల్లేదు. విండోస్ 7 వరకు దీనికి కింద స్టిక్కరు ఉండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి కంపెనీలు కీని మదర్‌బోర్డులోనే నిక్షిప్తం చేస్తున్నాయి.

2. రిటైల్: విడిగా పూర్తి ధరకు కొనేది. పాత కంప్యూటర్ నుంచి తీసివేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. అయితే ఒకసారికి ఒక్క యంత్రమే.

3. వాల్యూమ్: కళాశాలలు, కార్యాలయాలు అనేక కంప్యూటర్ల కోసం తీసుకునేది. దీన్ని విడదీసి బయటివారికి అమ్మే హక్కు ఆ సంస్థకు లేదు.

4. అప్‌గ్రేడ్: పాత లైసెన్సు ఉన్నవారికి మాత్రమే తక్కువ ధరకు ఇచ్చేది.

అప్‌గ్రేడ్ ఎందుకు చౌక?

అప్‌గ్రేడ్ అంటే మేడ మీద మేడ. కింది అంతస్తు లేకుండా పై అంతస్తు నిలవదు. పాత విండోస్‌కు మనం, లేదా ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ, ఇదివరకే డబ్బు కట్టి ఉన్నందువల్లనే కొత్తది తక్కువకు ఇస్తారు. కొత్తది వేసుకున్నాక పాత లైసెన్సు అందులో కలిసిపోతుంది. దాన్ని తీసి తమ్ముడి కంప్యూటర్‌లో వేస్తామంటే కుదరదు.

దుకాణంలో చౌకగా వస్తుందని డాస్ ల్యాప్‌టాప్ గాని, విండోస్ లేని అసెంబుల్డ్ కంప్యూటర్ గాని కొన్నవారికి ఈ కింది అంతస్తే లేదు. వారు అప్‌గ్రేడ్ కొంటే చెల్లదు. సంస్థలు కొనే విండోస్ వాల్యూమ్ లైసెన్సు కూడా అప్‌గ్రేడ్ రకమే. కింద అర్హతగల విండోస్ ఉండాలి. కాబట్టి ఖాళీ కంప్యూటర్లు కొని, వాల్యూమ్ లైసెన్సు ఒక్కటే తీసుకుంటే సరిపోదు.

నిజమైన రాయితీలు ఎలా వచ్చాయి?

2012 అక్టోబరు 26న విండోస్ 8 విడుదలైనప్పుడు, పాత విండోస్ ఉన్నవారు ప్రో అప్‌గ్రేడ్‌ను మన దేశంలో 1,999 రూపాయలకు దింపుకునే వీలిచ్చారు. ఆ ఏడాది జూన్ 2 నుంచి విండోస్ 7తో కొత్త కంప్యూటర్ కొన్నవారికి 699 రూపాయలకే ఇచ్చారు. 1,999 రూపాయల ధరకు గడువు 2013 జనవరి 31. విండోస్ 10 అయితే 2015 జూలై 29 నుంచి ఏడాదిపాటు విండోస్ 7, 8.1 ఉన్నవారికి ఉచితం అన్నారు. ఆ గడువు తీరాక కూడా పాత కీలు చాలాకాలం పనిచేశాయి. 2023లో ఆ దారి మూసివేశారు. "విండోస్ 7 కీ వేస్తే చాలు" అని ఇప్పటికీ చెప్పేవారున్నారు, నమ్మవద్దు.

వీటన్నిటిలో కనిపించే లక్షణాలు మూడు: ఇచ్చేది తయారీ కంపెనీయే, గడువు తేదీ ఉంటుంది, అర్హత ఏమిటో రాసి ఉంటుంది. ఈ మూడూ లేని రాయితీ రాయితీ కాదు.

ఇప్పటి పరిస్థితి

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదుగాని భద్రతా సవరణలు రావు. వ్యక్తిగత కంప్యూటర్లను నమోదు చేసుకున్నవారికి అదనపు భద్రతా సవరణల గడువు 2026 అక్టోబరు 13. సక్రమమైన విండోస్ 10 ఉండి, యంత్రం తగినదైతే విండోస్ 11కు మారడం ఉచితం. దానికి 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. స్థలం, టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా చిప్, గుర్తింపు పొందిన ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైవి. మా ల్యాప్‌టాప్‌లో టి.పి.ఎమ్. ఉంది, బయోస్‌లో ఆపివేసి ఉంది, అంతే! ఆ ఒక్క మీట తెలియక ఆరు వందలు పోగొట్టుకున్నాం.

మన దగ్గర ఏముందో చూసుకోవడం

మొదటిది: సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరవండి. "డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయింది" అని ఉంటే విండోస్ యాక్టివేట్ అయి ఉన్నట్లు.

రెండవది: విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన గడిలో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అక్షరాలు కలిపి కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ గీత, దాని పక్కనే డి, ఎల్, ఐ అక్షరాలు కొట్టండి. లైసెన్సు ఓ.ఇ.ఎమ్., రిటైల్, వాల్యూమ్ వీటిలో ఏ రకమో ఒక చిన్న పెట్టెలో కనిపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ అని కనిపిస్తే, డబ్బు ఇవ్వకముందే అమ్మేవారిని అడగండి.

మూడవది: ఏ మార్పు చేసినా ముందు రికార్డులు, ఫోటోలు వేరే చోట భద్రపరచండి. ఇది మా సొంత అనుభవం.

చౌక కీలు, చట్టం

వందల రూపాయలకు అమ్మే కీలలో ఏదో సంస్థకిచ్చిన వాల్యూమ్ కీలు కూడా ఉంటాయి. ఒకే కీ ఎంతోమందికి అమ్ముతారు. పరిమితి దాటగానే కంపెనీ దాన్ని ఆపివేస్తుంది. మా కీ గతి అదే. బిల్లు, జి.ఎస్.టి. నంబరు, లైసెన్సు రకం రాసి ఇవ్వనివారి దగ్గర కొనకండి.

ఇక దొంగ కాపీల సంగతి. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేర్చిన 63బి సెక్షను ప్రకారం, తెలిసి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే కోర్టు జైలుశిక్ష లేకుండా, 50,000 మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. సక్రమంగా ఉన్న ప్రోగ్రాముకు, పాడైపోతే పనికొస్తుందని భద్రత కోసం ఒక ప్రతి తీసి ఉంచుకోవడం మాత్రం ఇదే చట్టంలోని 52వ సెక్షను ప్రకారం నేరం కాదు.

డబ్బు లేకపోతే?

లినక్స్ ఉంది. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన దీనికీ లైసెన్సు ఉంది, పేరు జి.పి.ఎల్. అయితే అది కాపీ చేయవద్దనదు. పదిమందికీ పంచవచ్చు, పంచినప్పుడు మూలరూపం కూడా వారికి అందుబాటులో ఉంచాలన్నది ఒక షరతు. ఉబుంటు ఉచితం. సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉచితం. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించింది. విండోస్ 11కు తగని పాత యంత్రాలకు ఇదే మంచి దారి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనకు వచ్చే ప్రతి రూపాయి వెనుక అమ్మానాన్నల కూలి ఉంది. చౌకైనదల్లా మోసం కాదు, ఖరీదైనదల్లా అవసరమూ కాదు. కొనేముందు మన దగ్గర ఏముందో, ఎదుటివాడు నిజంగా ఏమి అమ్ముతున్నాడో ఈ రెండూ చూసుకోండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మేము తొక్కాం కాబట్టి మీకు చెబుతున్నాం. సందేహం ఉంటే డబ్బు కట్టకముందే, సిగ్గుపడకుండా, ముందు బ్యాచ్ వాళ్ళను అడగండి.