సర్కారు ల్యాబులో పుట్టిన అన్నం: బీపీటీ 5204 చెప్పే పాఠం

చేతిలో ఉన్న ఫోన్ ఏ కంపెనీదో, అందులో ప్రాసెసర్ ఏదో మనలో ఎవరినడిగినా టక్కున చెప్తారు. మెస్సులో రోజూ తినే అన్నం ఏ రకం వడ్లదో అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. నిజానికి వరి రకం కూడా ఒక డిజైనే. దానికీ టెస్టింగ్ ఉంటుంది, లోపాలుంటాయి, కొత్త వెర్షన్లుంటాయి. తేడా ఏమిటంటే, ఈ డిజైన్లలో చాలావాటికి డబ్బు పెట్టింది ప్రభుత్వం. ఎందుకు పెట్టాలి? కంపెనీలు చేసుకోలేవా? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి ఒక్క రకాన్నే తీసుకుందాం: సాంబ మసూరి, అంటే బీపీటీ 5204.

ముగ్గురు తల్లిదండ్రులు

బీపీటీ అంటే బాపట్ల. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి 1986లో ఈ రకం విడుదలైంది. గింజ సన్నం, అన్నం పొడిపొడిగా, మెత్తగా ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనే కాదు, దేశంలో చాలాచోట్ల దీనికి గిరాకీ ఉంది.

ఇది మూడు రకాల సంకరణంతో వచ్చింది: జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి. వీటిలో జీఈబీ 24 పేరు చూడండి. జీఈబీ అంటే గవర్నమెంట్ ఎకనమిక్ బోటనిస్ట్. మద్రాసు ప్రెసిడెన్సీలో అదొక ప్రభుత్వోద్యోగం పేరు. 1921లో కోయంబత్తూరులో విడుదలైన ఆ సన్నరకానికి ఆ పదవి పేరే పెట్టారు. రెండోది తైవాన్ నుంచి వచ్చిన పొట్టిరకం. ఎరువు వేసినా కాడ గట్టిగా నిలబడుతుంది. మూడోదైన మసూరి కథ ఇంకా పెద్దది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లలో కటక్‌లో ఒక సంకరణ కార్యక్రమం నడిపింది. అక్కడి నుంచి వెళ్లిన విత్తనంలోంచి మలేషియాలో మసూరిని ఎంపిక చేశారు. తర్వాత అది మన దేశానికొచ్చింది. తినడానికి బ్రహ్మాండం, కానీ ఎత్తుగా పెరిగి గాలివానకి చేను పడిపోయేది.

అంటే మన కంచంలో అన్నం వెనక ఐదు చోట్ల, అరవై ఏళ్లకి పైగా జరిగిన పని ఉంది. ఆ పని జనం డబ్బుతోనే జరిగింది.

కంపెనీ ఎందుకు చేయదు?

కంపెనీలు చెడ్డవని కాదు. లెక్క కుదరదు, అంతే.

వరి పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. కాబట్టి ఈ ఏడు పండిన గింజ వచ్చే ఏడు విత్తితే దాదాపు అదే మొక్క వస్తుంది. రైతు ఒక్కసారి బస్తా కొంటే చాలు, తర్వాత తన గాదెలోంచే తీసి చల్లుకోవచ్చు, పక్కవాళ్లకీ ఇవ్వొచ్చు. మన భాషలో చెప్పాలంటే ఇది కాపీ చేసుకోవడానికి ఖర్చే లేని సాఫ్ట్‌వేర్. పదేళ్లు కష్టపడి తయారుచేసిన సరుకు ఒకేసారి అమ్ముడుపోతే పెట్టుబడి తిరిగి రాదు.

హైబ్రిడ్ సంగతి వేరు. హైబ్రిడ్ గింజని దాచి మళ్లీ విత్తితే మొక్కలు ఒక్కో తీరుగా వస్తాయి, దిగుబడి తగ్గుతుంది. రైతు ఏటా షాపుకి వెళ్లాల్సిందే. అందుకే ప్రైవేటు పెట్టుబడి మొక్కజొన్న, పత్తి లాంటి హైబ్రిడ్ పంటల వైపు ఎక్కువగా వెళ్లింది. అక్కడ మంచి పనే చేసింది కూడా.

2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనం దాచుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కుని రైతుకే ఉంచింది. బ్రాండు పేరు మీద అమ్మకూడదు, అంతే. రైతుకి ఇది న్యాయం. కానీ ఆ హక్కు నిలవాలంటే, లాభం చూడకుండా కొత్త రకాలు తయారుచేసేవాళ్లు ఎవరో ఒకరుండాలి. ఆ ఒకరు ప్రభుత్వమే.

లోపం దిద్దిన తీరు

సాంబ మసూరికి రుచి ఉంది, రోగనిరోధకత లేదు. బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తే ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తాయి. దీనికి నమ్మకంగా పనిచేసే మందు లేదు. మిగిలిన దారి ఒకటే, మొక్కలోనే నిరోధక జన్యువు ఉండాలి.

హైదరాబాద్‌లోని రెండు ప్రభుత్వ సంస్థలు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడ సీసీఎంబీ కలిసి ఈ పని చేశాయి. ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 అనే మూడు జన్యువుల్ని సాంబ మసూరిలోకి తెచ్చాయి. వీటిలో ఎక్స్ఏ 21 మొదట ఆఫ్రికాలోని ఒక అడవి వరిలో దొరికింది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, సంకరణం చేస్తే జన్యువుతో పాటు అక్కర్లేని లక్షణాలూ వస్తాయి, రుచి చెడుతుంది. అందుకే వచ్చిన మొక్కని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలపాలి. మొదటి సంకరణంలో దాత వాటా సగం. ఆ తర్వాత ప్రతిసారీ అది సగమవుతుంది. నాలుగుసార్లు వెనక్కి కలిపితే సగటున 1/32, అంటే దాదాపు 3 శాతమే మిగులుతుంది.

రెండోది, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5 అంతర్గత జన్యువులు. ఒక్క కాపీ ఉంటే మొక్కని చూసి కనిపెట్టలేం. అందుకని చిన్న ఆకు ముక్కలోంచి డీఎన్ఏ తీసి, జన్యువు పక్కనే ఉండే గుర్తుల్ని, అంటే మార్కర్లని, చూసి మొక్కల్ని ఎంచుకున్నారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరణమే. కాకపోతే కళ్లతో కాకుండా మార్కర్లతో చేసిన ఎంపిక.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ సుమారు 51 అని తర్వాత తేలింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. షుగర్ ఉన్నవాళ్లకి ఇది మంచి కబురు.

ల్యాబు దాటాక

రకం తయారైతే సరిపోదు. 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి ప్రాజెక్టు కింద దాన్ని రకరకాల నేలల్లో, వాతావరణాల్లో పరీక్షిస్తారు. ఆ తర్వాత విత్తనం పెంచాలి: పసుపు ట్యాగుతో బ్రీడర్ విత్తనం, తెల్ల ట్యాగుతో మూల విత్తనం, నీలి ట్యాగుతో ధ్రువీకరించిన విత్తనం. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా రకం కాగితం మీదే ఉండిపోతుంది. విడుదలైన రకాలన్నీ పొలం దాకా రాకపోవడానికి ఇదొక కారణం.

కొనుగోలు కూడా ముఖ్యమే. కేంద్రం మద్దతు ధరలో వడ్లకి రెండే తరగతులు: సాధారణం, ఏ గ్రేడ్. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకి క్వింటాకి 500 రూపాయల బోనస్ ఇచ్చింది. రైతు ఏ రకం వేయాలో ఆలోచించేటప్పుడు ఇలాంటి నిర్ణయం కూడా లెక్కలోకి వస్తుంది. రకం తయారుచేసే శాఖ, కొనే శాఖ మాట్లాడుకోకపోతే నష్టపోయేది రైతే.

ఆలస్యంగా తెలిసే నష్టం

సబ్సిడీ ఇస్తే ఫలితం ఈ సీజన్లోనే కనిపిస్తుంది, ఓట్ల లెక్కకీ వస్తుంది. పరిశోధనకి డబ్బిస్తే ఫలితం రావడానికి పదేళ్లు పట్టొచ్చు. అప్పటికి ప్రభుత్వమే మారిపోవచ్చు. కోత పెట్టినా అంతే, నష్టం వెంటనే తెలియదు. ఈ రోజు ఒక కేంద్రంలో శాస్త్రవేత్త పోస్టు ఖాళీగా వదిలేస్తే రేపు చేను ఎండదు. కానీ తెగులు కలిగించే బ్యాక్టీరియా మారుతూనే ఉంటుంది. పాత నిరోధకత పనిచేయని రోజు వస్తే, కొత్త రకం సిద్ధంగా ఉండదు. అప్పటికప్పుడు డబ్బు కుమ్మరించినా మొక్క తరాల్ని తొందరపెట్టలేం.

అందుకే పరిశోధన నిధుల్ని దయగా ఇచ్చే గ్రాంటులా కాకుండా, కాలవ పూడిక తీత లాగా ఏటా తప్పనిసరిగా చేయాల్సిన పనిలా చూడాలి. డబ్బిచ్చాక లెక్క కూడా అడగాలి. ఎన్ని రకాలు విడుదల చేశారని కాదు, ఎన్ని ఎకరాల్లోకి వెళ్లాయని అడగాలి.

ఈసారి సెలవులకి ఊరెళ్తే మీ పొలంలోనో, పక్కవాళ్ల పొలంలోనో ఏ రకం వేశారో కనుక్కోండి. ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల, ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు. ఆ మూడక్షరాలు ఏ కేంద్రానివో తెలిశాక, వీలైతే ఒక రోజు అక్కడికి వెళ్లి చూడండి. సెన్సర్లు, ఇమేజ్ ప్రాసెసింగ్, డేటా విశ్లేషణ తెలిసినవాళ్లతో అక్కడ చాలా పనుంది.