జత పందెం

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు. ప్రభలు కడతారు. జనం కిటకిటలాడతారు. పల్నాడులో తిరునాళ్ళు వచ్చాయంటే చాలా చోట్ల ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. మీలో చాలామంది చూసే ఉంటారు.

ఎడ్లకు ముందు పళ్ళు చూస్తారు. పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, ఆరు పళ్ళ జత అని పోటీలు వేరువేరుగా జరుపుతారు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. ఒక ఎద్దు ఉరికి, రెండోది వెనకపడితే ఏమవుతుంది? కాడి వంకర పోతుంది. బండ సాగదు. ఒక్క ఎద్దు ఎంత మంచిదైనా ఆ జత గెలవదు.

ఇలాంటి జత పందెం మోటారు సైకిళ్ళకు కూడా ఉంది. దాని పేరు స్పీడ్‌వే. పల్నాడులో ఈ పందెం లేదు. పోలండు, స్వీడన్, డెన్మార్క్, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశాల్లో దీనికి జనం విరగబడి వస్తారు.

ఇది పుట్టింది కూడా ఒక రకంగా తిరునాళ్ళలోనే. ఆస్ట్రేలియాలో వెస్ట్ మెయిట్‌లాండ్ అనే ఊరు ఉంది. అక్కడ రైతులు పశువులను, పంటలను ప్రదర్శనకు తెచ్చే మైదానం ఉంది. 1923లో ఆ మైదానంలోనే మోటారు సైకిళ్ళ పందెం పెట్టారు. 1928లో అది ఇంగ్లండుకు పాకింది.

పందెం బాట గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తారు వేయరు. మట్టి, నలగ్గొట్టిన రాతిపొడి పరుస్తారు. ఒక్కసారికి నాలుగు బళ్ళు దిగుతాయి. నాలుగు చుట్లు తిరగాలి. నిమిషంలో అయిపోతుంది. వేగం మాత్రం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది.

ఆ బండికి బ్రేకులు ఉండవు! ఎందుకంటే నాలుగు బళ్ళూ ఒకదాన్ని ఒకటి ఆనుకుని పోతుంటాయి. ముందున్నవాడు గభాల్న బ్రేకు వేస్తే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. మరి మలుపు ఎలా తిరుగుతారు? బండిని కావాలనే పక్కకు జారిస్తారు. ఎడమ కాలు నేల మీద ఆనిస్తారు. ఆ కాలి బూటుకు అడుగున ఇనప తొడుగు ఉంటుంది. మట్టి నాగలి చాలు తీసినట్టు లేస్తుంది.

బండి చాలా తేలిక. 77 కిలోలకు తగ్గకూడదని రూలు. అంటే దాదాపు ఒక ధాన్యం బస్తా అంత. అందులో పోసేది పెట్రోలు కాదు, మిథనాల్ అనే స్పిరిట్. కల్తీ సారాలో మనుషుల ప్రాణాలు తీసేది కూడా ఇదే. బండి నడిపేవాడి మణికట్టుకు ఒక తాడు కడతారు. వాడు కింద పడితే తాడు లాగుకుని ఇంజను ఆగిపోతుంది. అయినా ఎముకలు విరుగుతాయి. ప్రాణాలు కూడా పోయాయి. అక్కడ అన్ని బళ్ళూ ఒకే వైపు పోతాయి. మన మాచర్ల రోడ్డు మీద లారీలు, ఆటోలు, గేదెలు ఎదురొస్తాయి. ఇక్కడ బ్రేకులు బాగుండాల్సిందే.

ఈ పందెంలో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. ఐర్లండుకు చెందిన ఫే టేలర్ 1928, 1929లో మగవాళ్ళతో పోటీపడి గెలిచింది. 1930లో బ్రిటన్‌లో ఆడవాళ్ళు దిగకూడదని ఆపేశారు. మీద కూర్చున్నది ఆడమనిషో మగమనిషో బండికి ఏం తెలుసు?

ఇక జత సంగతి. దేశాల మధ్య జట్టు పోటీ 1960లో స్వీడన్‌లోని గోటెబర్గ్‌లో మొదలైంది. స్వీడనే గెలిచింది. తరువాత పేర్లు, రూల్సు చాలాసార్లు మారాయి. 2018 నుంచి జరుగుతున్న పోటీలో ఒక్కో పరుగుకు ఒక్కో దేశం నుంచి ఇద్దరు దిగుతారు.

2018లో పోలండులోని వ్రోత్స్వాఫ్ నగరంలో చివరి పరుగు. ఒక పక్క బ్రిటన్ జత. ఇంకో పక్క రష్యా జత. అప్పటి లెక్క ఇది: మొదట వచ్చినవాడికి 3 మార్కులు. రెండో వాడికి 2. మూడో వాడికి 1. చివరివాడికి సున్న.

బ్రిటన్‌కు చెందిన టై వుఫిండెన్ అందరికన్నా ముందు వచ్చాడు. 3 మార్కులు. అతని జతగాడు రాబర్ట్ లాంబర్ట్ చివరన వచ్చాడు. సున్న. మొత్తం 3. రష్యా వాళ్ళు రెండో చోట, మూడో చోట వచ్చారు. 2కు 1 కలిపితే అదీ 3.

సమానం! మరి కప్పు ఎవరికి? సమానమైతే చివరివాడు ఏ జట్టులో ఉంటే ఆ జట్టు ఓడినట్టు అని రూలు. కప్పు రష్యాకు పోయింది. అందరికన్నా ముందు వచ్చిన వుఫిండెన్ ఓడిపోయినవాడయ్యాడు. లాంబర్ట్‌కు అప్పుడు 20 ఏళ్ళు. ఆ వయసువాడికి అది చిన్న బాధ కాదు.

తరువాత మార్కులే మార్చారు. మొదటి వాడికి 4, రెండో వాడికి 3, మూడో వాడికి 2, చివరివాడికి సున్న. ఇప్పుడు రెండు, మూడు చోట్ల వచ్చిన జతకు 5 వస్తాయి. ఒకటి, నాలుగు చోట్ల వచ్చిన జతకు 4 వస్తాయి. అందుకని ముందున్నవాడు ఊరికే ఉరకడు. వెనక్కి తిరిగి తన జతగాడు ఎక్కడున్నాడో చూసుకుంటాడు. ఒక్కోసారి కొంచెం తగ్గి, అతనికి దారి ఇస్తాడు.

2021లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మళ్ళీ పోటీ జరిగింది. చివరి పరుగులో బ్రిటన్ పోలండును ఓడించింది. గెలిచిన జతలో ఒకడు డాన్ బ్యూలీ. రెండోవాడు లాంబర్టే. 1989లో ఇంగ్లండు గెలిచాక 32 ఏళ్ళకు కప్పు మళ్ళీ ఆ దేశానికి వచ్చింది.

లెక్క వేయండి

కొత్త మార్కుల ప్రకారం కట్టండి. ఎర్ర జత, తెల్ల జత మూడు పరుగులు తీశాయి.

మొదటి పరుగులో ఎర్ర జత 1, 2 చోట్ల వచ్చింది. తెల్ల జత 3, 4 చోట్ల వచ్చింది.

రెండో పరుగులో ఎర్ర జత 1, 4 చోట్ల వచ్చింది. తెల్ల జత 2, 3 చోట్ల వచ్చింది.

మూడో పరుగులో ఎర్ర జత 2, 4 చోట్ల వచ్చింది. తెల్ల జత 1, 3 చోట్ల వచ్చింది.

ఎర్ర జతకు మొత్తం ఎన్ని మార్కులు? తెల్ల జతకు ఎన్ని? ఎవరు గెలిచారు? ఎన్ని మార్కుల తేడాతో?