మదర్‌బోర్డు: చౌక కంప్యూటరులో ముందుగా చూడవలసిన భాగం

కంప్యూటరు అమ్మకపు ప్రకటనలలో ప్రాసెసరు పేరు, మెమరీ పరిమాణం, డిస్కు పరిమాణం పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. వీటన్నింటినీ మోసే మదర్‌బోర్డు పేరు చాలా ప్రకటనలలో ఉండదు. ఉన్నా చివరి వరుసలో ఉంటుంది. అయితే ప్రాసెసరును, మెమరీని, డిస్కును తరువాత మార్చుకొనవచ్చును. వాటిని ఎంతవరకు మార్చవచ్చునో నిర్ణయించేది మదర్‌బోర్డే. ఇంటికి పునాది వేసిన నాడే పైన ఎన్ని అంతస్తులు లేపవచ్చునో తేలిపోయినట్లు, కంప్యూటరు భవిష్యత్తు కూడా ఈ పలక మీదనే ఆధారపడి ఉంటుంది.

న్యూజిలాండులోని తెలుగు కుటుంబాలలో పిల్లల చదువుకు, ఇంటి లెక్కలకు, స్వదేశంలోని పెద్దలతో ముఖాముఖి మాటలకు తక్కువ ధర డెస్క్‌టాప్ కంప్యూటరు కొనేవారున్నారు. అట్టివారు ఈ ఒక్క భాగాన్ని గుర్తించి చదువగలిగితే, కొనబోయే యంత్రం కొద్ది సంవత్సరాలకే మూలపడుతుందా, దీర్ఘకాలం సేవ చేస్తుందా అన్న సంగతిని చాలావరకు ముందే ఊహించవచ్చును.

పలక, కొలతలు, విద్యుత్తు

మదర్‌బోర్డు గాజునార, రెజిన్ కలిపి చేసిన పలక. దాని ఉపరితలాల పైన, లోపలి పొరలలో సన్నని రాగి గీతలుంటాయి. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పీసీలో తెరకు, డిస్కుకు వేర్వేరు కార్డులు అమర్చవలసి వచ్చేది. నేటి బోర్డులో ధ్వని, నెట్‌వర్కు, డిస్కు నియంత్రణ అన్నీ పలక మీదనే ఉన్నాయి. ఇంటెల్ సంస్థ 1995లో ఏటీఎక్స్ అను కొలతల ప్రమాణాన్ని రూపొందించినది. దానికి పొట్టి రూపమైన మైక్రో ఏటీఎక్స్ 1997లో వచ్చినది. దాని గరిష్ఠ కొలత 244 మిల్లీమీటర్ల చదరం. చౌక బోర్డులలో అధికభాగం ఈ తరగతివే. ప్రమాణం ఒకటే కనుక, బోర్డు పాడైనప్పుడు పెట్టెను పారవేయనక్కరలేదు. కాని కొన్ని పెద్ద సంస్థల రెడీమేడ్ యంత్రాలలో బోర్డు ఆకారం, విద్యుత్ కనెక్టరు ఆ సంస్థకే ప్రత్యేకంగా ఉంటాయి. వాటికి బయటి బోర్డు సరిపోదు.

భారతదేశంలో వలెనే న్యూజిలాండులోను గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ప్లగ్గు ఆకారం మాత్రమే వేరు. పవర్ సప్లై దీనిని 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి బోర్డుకు అందిస్తుంది. ప్రాసెసరుకు కావలసినది సుమారు ఒక వోల్టు. సాకెట్టు ప్రక్కన బారులుతీరిన చిన్న చుట్టలు, కెపాసిటర్లు 12 వోల్టులను ఆ స్థాయికి దించుతాయి. చౌక బోర్డులో ఈ బారు చిన్నది; చాలా సందర్భాలలో దాని మీద వేడిని లాగే లోహపు రెక్కలు కూడా ఉండవు. 65 వాట్ల తరగతి ప్రాసెసరుకు ఇది చాలును. అధిక విద్యుత్తు కోరే ప్రాసెసరును దీని మీద పెట్టినచో, బోర్డు వేడెక్కి ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొనవలసి వస్తుంది. అక్కడ ఎక్కువగా పెట్టిన ధర వృథా అవుతుంది.

చిప్‌సెట్: కాలువల లెక్క

బోర్డు పేరులో ముఖ్యమైన అక్షరాలు చిప్‌సెట్‌ను తెలుపుతాయి. ఇంటెల్ వారి హెచ్610, ఏఎండీ వారి ఏ520 చౌక తరగతికి చెందినవి. చిప్‌సెట్ పనిని గ్రహించుటకు డెల్టా ప్రాంతపు నీటిపారుదల మంచి ఉదాహరణ. ప్రాసెసరును ఆనకట్టగా భావించినచో, మెమరీకి, గ్రాఫిక్స్ కార్డు స్లాటుకు నేరుగా పెద్ద కాలువలు వెళతాయి. ఆనకట్ట నుండి బయలుదేరే మరొక కాలువ చిప్‌సెట్‌కు చేరి, అక్కడ పిల్లకాలువలుగా చీలి యూఎస్‌బీ, డిస్కు, నెట్‌వర్కు ద్వారాలకు పోతుంది. ఆ పిల్లకాలువలన్నీ ఒకే కాలువ నీటిని పంచుకొనవలసినదే.

2022 జనవరిలో వచ్చిన హెచ్610 చిప్‌సెట్‌లో మెమరీకి రెండు స్లాట్లు మాత్రమే, సాటా డిస్కులకు నాలుగు ద్వారాలు మాత్రమే ఉంటాయి. ఖరీదైన జెడ్690లో మెమరీకి నాలుగు స్లాట్లు, సాటాకు ఎనిమిది ద్వారాల వరకు వీలున్నది. కాని ఒకే ప్రాసెసరును, ఒకే మెమరీని రెండింటిలోను పెట్టి ఉత్తరం టైపు చేసినా, పాఠం చూసినా తేడా తెలియదు. చౌక బోర్డుకు వేగం తక్కువ కాదు, దారులు తక్కువ. ఉన్న దారులు ఇంటి అవసరానికి చాలునా లేదా అన్నదే కొనేవారు వేసుకొనవలసిన ప్రశ్న.

మెమరీ, డిస్కు

రెండే స్లాట్లున్నప్పుడు వాటిని నింపే తీరు ముఖ్యం. ఎనిమిది గిగాబైట్ల కొరకు నాలుగేసి గిగాబైట్ల పట్టీలు రెండు పెట్టినచో, తరువాత పెంచుకొనుటకు ఉన్నవాటిని తీసివేయవలసినదే. ఎనిమిది గిగాబైట్ల పట్టీ ఒకటి పెట్టినచో రెండవ స్లాటు ఖాళీగా మిగులుతుంది. రెండు స్లాట్లలోను పట్టీలున్నప్పుడే మెమరీ పూర్తి వేగంతో పనిచేస్తుంది కనుక, వీలైనచో మొదటనే ఎనిమిదేసి గిగాబైట్లవి రెండు పెట్టుట ఉత్తమం. డీడీఆర్4, డీడీఆర్5 పట్టీలు రెండింటికీ 288 కాంటాక్టులే. కాని వాటి గాడి స్థానం వేరు, ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోదు. హెచ్610 బోర్డులు రెండు రకాలలోను లభిస్తాయి. కనుక బోర్డు ఏ రకమో చూసి పట్టీ కొనవలెను.

చిన్న పట్టీ వంటి ఎం.2 డిస్కులలోను రెండు రకాలున్నవి. సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు, ఎన్‌వీఎంఈ రకం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 దారి మీద సుమారు 3,500 మెగాబైట్లు చదువగలవు. కొన్ని బోర్డుల ఎం.2 స్లాటు ఒక రకాన్నే స్వీకరిస్తుంది.

వెనుకవైపు ద్వారాలు

బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ ద్వారం ఉన్నంత మాత్రాన తెర వెలుగదు. ప్రాసెసరులో గ్రాఫిక్స్ భాగం ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో ఆ భాగం పనిచేయదని అర్థం. ఏఎం4 సాకెట్టు రైజెన్లలో సాధారణంగా జి అక్షరమున్నవాటికే అది ఉన్నది. పాతవి కొనేవారు ఈ అక్షరాన్ని తప్పక చూడవలెను.

న్యూజిలాండులో 2011లో ప్రారంభమైన అల్ట్రా ఫాస్ట్ బ్రాడ్‌బ్యాండ్ పథకం క్రింద వేసిన ఫైబరు తీగలు అధికభాగం జనాభాకు అందుబాటులోనికి వచ్చినవి. చౌక బోర్డులో ఉండే ఒక గిగాబిట్ నెట్‌వర్కు ద్వారం ఇంటి అవసరాలకు సరిపోతుంది. కాని అట్టి బోర్డులలో చాలావాటికి వైఫై ఉండదు. రౌటరు ఒక గదిలో, కంప్యూటరు మరొక గదిలో ఉన్నచో వైఫై అడాప్టరు ధరను కూడా కలుపుకొని చూడవలెను.

ఒకే కాలపు రెండు బోర్డులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతా సాధనం, సెక్యూర్ బూట్ సౌకర్యం, ఆమోదిత ప్రాసెసరు అవసరం. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదవ తరం నుండి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుండి ఆ ఆమోదం ఉన్నది. 2017లో చౌకగా కొన్న రెండు యంత్రాల గతి ఇక్కడ వేర్వేరు దారులు పట్టినది.

ఒకటి ఇంటెల్ హెచ్110 బోర్డు, ఏడవ తరం ప్రాసెసరు గలది. దాని సాకెట్టు ఎల్‌జీఏ1151. ఎనిమిదవ తరం ప్రాసెసర్లకు కూడా 1151 కాంటాక్టులే ఉన్నవి. అయినను హెచ్110 బోర్డు మీద అవి పనిచేయవు. ఇంటెల్ వాటికి కొత్త చిప్‌సెట్లను నిర్దేశించినది. కనుక ప్రాసెసరు మార్చవలెనన్నచో బోర్డును కూడా మార్చవలసినదే. రెండవది ఏఎండీ ఏ320 బోర్డు, మొదటి తరం రైజెన్ గలది. ఆ ప్రాసెసరు కూడా విండోస్ 11 జాబితాలో లేదు. కాని అదే ఏఎం4 సాకెట్టులో తరువాతి తరాల రైజెన్లు కూర్చుంటాయి. 2022లో ఏఎండీ రైజెన్ 5000 శ్రేణికి కూడా పాత 300 వరుస బోర్డులలో అవకాశమిచ్చినది. బోర్డు తయారీదారు బయాస్‌ను నవీకరించి ఉన్నచో, పాత ప్రాసెసరును తీసి కొత్తది పెట్టినంతనే ఆ యంత్రానికి ఆయువు పెరుగుతుంది. రెండూ ఒకే కాలపువి, చౌక తరగతివే. వాటి వాసి కొన్ననాడు కాదు, ఎనిమిదేండ్ల తరువాత తేలినది.

విండోస్ 11కు పనికిరాదని కంప్యూటరు చెప్పగానే దానిని పారవేయరాదు. ప్రాసెసరు ఆమోదిత జాబితాలోనిదే అయినను, బయాస్‌లో టీపీఎం నిలిపివేయబడి ఉండవచ్చును. ఇంటెల్ బోర్డులలో పీటీటీ, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అను పేర్లతో అది కనిపిస్తుంది. దానిని ప్రారంభించుటకు పైసా ఖర్చు లేదు. అట్లే ప్రతిసారీ గడియారం తప్పు చూపే పాత యంత్రానికి బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ మార్చినచో చాలావరకు సరిపోతుంది.

కొనుగోలు, వీడ్కోలు

న్యూజిలాండులో 1993 నాటి వినియోగదారుల హామీల చట్టం ప్రకారం, గృహ వినియోగానికి వ్యాపారి అమ్మిన వస్తువు తగిన నాణ్యతతో ఉండవలెను. లోపమున్నచో దానిని సరిచేయు బాధ్యత అమ్మినవారిదే. వ్యక్తుల మధ్య జరిగే పాత వస్తువుల అమ్మకాలకు ఈ చట్టం వర్తించదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడి కొని తెచ్చిన బోర్డుకు కూడా ఈ రక్షణ తోడురాదు. ధరలో మిగులును ఈ నష్టంతో తూచి నిర్ణయించుకొనవలెను.

చివరకు పనికిరాని బోర్డును చెత్తడబ్బాలో వేయరాదు. దానిలో రాగి, కొద్దిపాటి బంగారంతో పాటు హానికర పదార్థాలు కూడా ఉంటాయి. న్యూజిలాండు ప్రభుత్వం 2020లో విద్యుత్, ఎలక్ట్రానిక్ వస్తువులను ప్రాధాన్య ఉత్పత్తులుగా ప్రకటించినది. ఆక్లాండుకు చెందిన మింట్ ఇన్నొవేషన్ సంస్థ, సర్క్యూట్ బోర్డుల నుండి సూక్ష్మజీవుల సహాయంతో బంగారాన్ని వేరుచేయు పద్ధతిని అభివృద్ధి చేసినది. పాత బోర్డును పునర్వినియోగ కేంద్రానికి చేర్చుట ఈ కారణంగా కూడా మంచిది.

కొనేముందు ఐదు సంగతులు అడిగి తెలుసుకొనవలెను: సాకెట్టు ఏది, చిప్‌సెట్ ఏది, మెమరీ స్లాట్లు ఎన్ని ఖాళీ, ఎం.2 ఏ రకం, బోర్డు ఆకారం ప్రామాణికమా. వీటిని పిల్లల చేతనే అడిగించి వ్రాయించినచో, యంత్రంతో పాటు దాని విద్య కూడా ఇంటికి వచ్చినట్లగును.